వేపేరి శనివారం కోర్సు: సేవకి చెన్నై వచ్చేవాళ్ళు చేరొచ్చా?

ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి సేవ కోసం చెన్నై వస్తున్న తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, అన్నా ఆ వేపేరి దగ్గర శనివారాలు జరిగే మిషనరీ ట్రైనింగ్ బాగుంటదా, డబ్బులు పెట్టొచ్చా అని. ఒక్కొక్కళ్ళకి వాయిస్ మెసేజ్ పెట్టే బదులు ఇక్కడే మొత్తం రాసేస్తున్నా. కోర్సుకి పేరంటూ ఏం లేదు, నడిపే అయ్యగారు అమ్మగారు కూడా మా పేర్లు ఎక్కడా పెట్టొద్దు నాయనా అన్నారు కాబట్టి పెట్టట్లేదు. ఆ చుట్టుపక్కల తెలుగు సంఘాల్లో ఎవర్ని అడిగినా హాలు చూపిస్తారు.

ముందే చెప్పేస్తా, అయిదుకి నాలుగున్నర ఇస్తా. ప్రసంగం ఎలా చెయ్యాలి, కరపత్రం ఎలా పంచాలి, పాట ఎలా ఎత్తుకోవాలి అనేవి నేర్చుకుందామని వెళ్ళేవాళ్ళకి ఇది పనికిరాదు, అవి అక్కడ చెప్పరు. మనుషులతో ఎలా ఉండాలి, అదొక్కటే చెప్తారు. పక్కింటివాళ్ళతో, మనతో పాటు సేవ చేసే పార్ట్‌నర్‌తో, అక్కడున్న పాస్టర్‌తో, మనల్ని పంపిన సంఘంతో, మన మాట నచ్చని వాళ్ళతో కూడా. మూడు నెలలూ అదే. అంత టైం దీనికెందుకు అనిపించొచ్చు గానీ, సేవ మధ్యలో వదిలేసి ఊరెళ్ళిపోయిన వాళ్ళని నేను చాలామందిని చూశాను, వాళ్ళలో వాక్యం రాక వెళ్ళినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరు, అందరూ మనుషులతో పొసగకే వెళ్ళారు. అందుకే ఈ కోర్సంటే నాకింత పట్టింపు.

ఫీజు 2,500, మధ్యాహ్నం భోజనం అందులోనే. కట్టలేని వాళ్ళ దగ్గర అడగరు, కట్టారా లేదా అని ఎవరికీ తెలియనివ్వరు కూడా, అది నాకు చాలా నచ్చింది. ఎగ్మోర్‌లో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు. హాలు మేడ మీద, ఏప్రిల్ మే బ్యాచ్ అయితే ఉడికిపోతారు, ఫ్యాన్లు ఉన్నా లేనట్టే, మంచినీళ్ళ బాటిల్ పెద్దది తెచ్చుకోండి. భోజనం సాంబారన్నం, పెరుగన్నం, అప్పడం, ఒక్కోసారి గుడ్డు. తినేటప్పుడు మాత్రం ఒక రూలు ఉంది, మీ ఊరివాళ్ళ పక్కన కూర్చోకూడదు. మొదటి వారం అందరికీ ఇబ్బందిగానే ఉంటది, నెల తిరిగేసరికి శ్రీకాకుళం అబ్బాయి, కర్నూలు అబ్బాయి ఒకే ఆవకాయ డబ్బాలో చెయ్యి పెడుతుంటారు.

పాఠం చెప్పేది భార్యాభర్తలిద్దరూ. ఒడిశా కోరాపుట్ వైపు కొండల్లో చాలా ఏళ్ళు సేవ చేసి రిటైరై ఇక్కడ ఉంటున్నారు. అయ్యగారు చరిత్ర, వాక్యం చెప్తారు, అమ్మగారు ప్రాక్టికల్స్ చేయిస్తారు. నా ఉద్దేశంలో అమ్మగారి క్లాసు కోసమైనా చేరొచ్చు.

ఆవిడ మొదటి రోజే చెప్పేది ఏంటంటే మీ నోట్‌బుక్కులో కాంటాక్టుల లిస్టు తీసెయ్యండి అని. ఇవాళ ఎన్ని ఇళ్ళు తిరిగాం, ఎంతమందికి చెప్పాం, ఎంతమంది ప్రార్థనకి ఒప్పుకున్నారు అని రాసుకుంటాం కదా మనం, అది వద్దు, మనుషుల పేర్లు రాయండి, పేరు పక్కన వాళ్ళు మీకు చెప్పిన సంగతి ఒకటి రాయండి, వచ్చే వారం వెళ్ళినప్పుడు మొదట దాని గురించి అడగండి అంటారు. వినడానికి చిన్నదే. పెరంబూరు వైపు మా వీధిలో టైలరింగ్ చేసే అన్న ఒకతను వాళ్ళ అమ్మగారికి కంటి ఆపరేషన్ అని మాట్లాడుతూ మాట్లాడుతూ అన్నాడు, తర్వాత వారం షాపు ముందు ఆగి, అమ్మకి ఎలా ఉందన్నా, కట్టు విప్పారా అని అడిగాను అంతే, కుట్టు మిషను ఆపేసి స్టూలు లాగి కూర్చోమన్నాడు. అంతకుముందు నెలల తరబడి ఆ షాపు ముందు నుంచే రోజూ వెళ్తున్నాం, నవ్వడం వరకే ఉండేది.

ఇంకొకటి వినే ప్రాక్టీసు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి, ఒకళ్ళు తమకున్న కష్టం నిజంగా ఉన్నదే చెప్పాలి, పది నిమిషాలు. రెండోవాళ్ళు సలహా ఇవ్వకూడదు, వాక్యం ఎత్తకూడదు, నాక్కూడా ఇలాగే అయ్యింది బ్రదర్ అనకూడదు, ప్రార్థన చేద్దామా అని కూడా అనకూడదు. పది నిమిషాలయ్యాక విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, ఇదేనా మీరన్నది అని అడగాలి. మా బ్యాచ్‌లో ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్ళ నుంచి సేవలో ఉన్నాయన, కూతురి కాలేజీ ఫీజు గురించి చెప్తూ మధ్యలో ఆగి ఏడ్చేశాడు, ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఏం చెయ్యాలో తెలియక అమ్మగారి వైపు చూశాడు, ఆవిడ తల అడ్డంగా ఊపారు, ఊరికే కూర్చోమని. కుర్రాడు కూర్చున్నాడు. తర్వాత ఆ పెద్దాయన అన్న మాట, సేవలోకొచ్చాక నేను చెప్పింది వినడానికి ఎవరూ ఇంతసేపు కూర్చోలేదమ్మా అని. ప్రార్థన తర్వాత చేసుకున్నాం, అందరం, చాలాసేపు. ప్రార్థన వద్దని కాదు ఆవిడ చెప్పేది, ఎదుటి మనిషి నోరు మూయించడానికి ప్రార్థనని వాడొద్దని.

అయ్యగారి క్లాసుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది వేదనాయగం అజరయ్య గారి గురించి చెప్పిన రోజు. పేరు విన్నవాళ్ళు ఉంటారు, డోర్నకల్ బిషప్ గారు, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు, 1912లో. ఆయన తమిళాయన, తిరునెల్వేలి వైపు. చదువు ఇక్కడే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో. తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బులతో మన తెలుగు ప్రాంతానికి మిషనరీల్ని పంపడానికి 1903లో ఒక సొసైటీ పెట్టుకుంటే అందులో ముందున్నది ఈయన, 1909లో తనే డోర్నకల్ వెళ్ళిపోయారు, మన భాష నేర్చుకుని మన మధ్య బతికారు. తర్వాత ఏడాది 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే అక్కడ నిలబడి, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళే, వాళ్ళ మొహం మీదే చెప్పారు. పేదలకి మీ ఆస్తులు పంచారు, మీ శరీరాలు కాల్చుకోడానికి కూడా ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్నివ్వండి అని. ఇది చెప్పి అయ్యగారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక ప్రశ్న వేశారు. మీరు సేవ చేసే వీధిలో, మీరు సువార్త చెప్పే మనిషి కాకపోతే మిమ్మల్ని భోజనానికి పిలిచే ఇల్లు ఉందా? క్లాసులో ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

ఒక తమిళాయన తెలుగువాళ్ళ కోసం అటు వచ్చాడు, ఇప్పుడు మనం తెలుగువాళ్ళం ఇటు వస్తున్నాం, ఆ బాకీ తలుచుకుంటే చాలు తమిళం నేర్చుకోవడానికి బద్ధకించకూడదు మనం.

బకింగ్‌హామ్ కాలువ దగ్గరికి తీసుకెళ్ళిన శనివారం గురించి కూడా రాయాలి. మైలాపూర్‌లో తిరుమయిలై స్టేషన్ దగ్గర, పైన లోకల్ ట్రైన్లు వెళ్తుంటాయి, కింద స్తంభాల మధ్య నల్లటి నీళ్ళు, వాసన, ఇక్కడికెందుకు తెచ్చారా అనుకున్నాం అందరం. ఇదే కాలువ పైకి వెళ్తే నెల్లూరు, ఒంగోలు దాటి కాకినాడ దాకా ఉంటదని, మా ప్రకాశం జిల్లా వాళ్ళకి దీంతో ఉన్న సంబంధం ఇక్కడ నిలబడే చెప్పాలని తెచ్చానన్నారు అయ్యగారు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు, ఒంగోల్లో ఉన్న మిషనరీ జాన్ క్లౌ, 1866 నుంచి అక్కడే ఉన్నాడాయన, ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్ళకి పని, కూలి ఇచ్చాడు. ఇది మా ఇళ్ళల్లో ముసలోళ్ళు కూడా చెప్తారు. కానీ మేం సరిగ్గా పట్టించుకోని సంగతి ఏంటంటే, కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. జనం వచ్చి మాకు ఇవ్వండి అని అడుగుతున్నా ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారనే మాట వాళ్ళ మీద పడకూడదని, వాళ్ళ మనసు వాళ్ళదిగా ఉండాలని. సాయం ఆగాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మనందరికీ నోటికి వచ్చు, దానికి ముందు ఆపి ఉంచిన నెలల గురించి ఎవరూ చెప్పరు. అన్నం పెట్టే చెయ్యి ఏదీ తిరిగి అడగకూడదు అని అయ్యగారు ఆ కాలువ గట్టు మీద చెప్పింది విన్నాక నేను సాయం చేసిన ఇంట్లో ఆ నెలలో సువార్త మాట ఎత్తను, వాళ్ళే అడిగితే తప్ప.

దీని వెనకే చట్టం గురించి ఒక క్లాసు ఉంటది, ఒక లాయర్ వచ్చి చెప్తారు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తది, కానీ 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో ఆ హక్కులో ఎదుటివాళ్ళని మార్చే హక్కు లేదు అని చెప్పింది. ఎదుటి మనిషి మనస్సాక్షికి కూడా అంతే స్వేచ్ఛ ఉంది అని. కొన్ని రాష్ట్రాల్లో వేరే చట్టాలు ఉన్నాయి, పక్కనే కర్ణాటకలో 2022లో తెచ్చిన దాంట్లో బహుమతి, డబ్బు, ఉద్యోగం, ఉచిత చదువు ఆశ చూపించడం కూడా ప్రలోభం కిందే రాశారు. బెంగళూరులో సేవకి వెళ్ళేవాళ్ళు ఆ చట్టం ఇప్పుడు ఎలా ఉందో కనుక్కునే వెళ్ళాలి. మా బ్యాచ్‌లో కొంతమందికి ఈ క్లాసు భయపెట్టినట్టు అనిపించింది, నాకైతే కాలువ దగ్గర విన్నదీ ఇదీ ఒకటే మాట అనిపించింది, ఎవర్నీ లాగొద్దు, కొనొద్దు.

ఇక అమ్మగారి ఫీల్డ్ ప్రాక్టీసు. లూకా పదో అధ్యాయంలో యేసుప్రభువు డెబ్భైమందిని ఇద్దరిద్దరుగా పంపుతూ ఇల్లిల్లూ తిరగొద్దు, ఒక ఇంట్లోనే ఉండి వాళ్ళు పెట్టింది తినండి తాగండి అంటాడు కదా. ఆవిడ దాన్ని ఉన్నదున్నట్టు చేయిస్తారు. ఒకే వీధి, మూడు నెలలూ ఆ వీధే. కరపత్రాలు సంచిలో పెట్టుకెళ్ళనివ్వరు. మాకు దొరికింది పులియాంతోపు వైపు ఒక సందు, కార్పొరేషన్ పారిశుధ్య పనిలో తరాల నుంచి ఉన్న తెలుగు కుటుంబాలు ఎక్కువ, ఇంట్లో తెలుగు, బయట తమిళం, పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అక్కడికి వెళ్ళి ముందు ఏదన్నా ఇవ్వకండి, ఏదన్నా అడగండి అంటారావిడ. మాకు వింతగా ఉండేది. మిషనరీ అంటే ఇచ్చేవాడనే కదా మన లెక్క. ఎప్పుడూ ఇచ్చేవాడు పైనుంటాడు నాయనా, తీసుకునేవాడు కింద ఉంటాడు, కింద ఉన్నవాడు నీకు స్నేహితుడు ఎలా అవుతాడు, నువ్వు కూడా చెయ్యి చాపాలి అన్నారు.

సరే అని నా పార్ట్‌నర్, నేను రూములో పెరుగు తోడేసుకోవడానికి తోడు కోసం గ్లాసు పట్టుకుని ఒక పెద్దమ్మ గడప దగ్గరికి వెళ్ళాం. ఆవిడ గ్లాసు వైపు చూసి, మా వైపు చూసి, పాలు కాచారా, ఎంత వేడి మీద వేస్తారు, గిన్నె ఏది అని వరసపెట్టి అడిగి, స్టీలు గిన్నెలో బాగా రాదు మట్టి దాకలో వెయ్యండి అని తన దాకే ఇచ్చి పంపింది, కడిగి తెచ్చివ్వండి అని. ఆ దాక తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు టీ ఇచ్చింది. పెరుగు ఎలా తోడుకుంది అని అడిగింది, వాళ్ళాయన పని, పొద్దున నాలుగింటికే లేవడం, చేతి తొడుగులు ఇవ్వకపోవడం, పెద్ద మనవడి చదువు, అన్నీ చెప్పింది. ఆ మనవడు ఇప్పుడు సాయంత్రాలు మా రూముకి లెక్కలు చేసుకోవడానికి వస్తాడు, మాకు తమిళ అక్షరాలు వాడే దిద్దిస్తాడు. వాళ్ళు గుడికి వెళ్ళే కుటుంబం, ఇప్పటికీ వెళ్తారు. పెద్దమ్మకి మేం యేసయ్య మనుషులమని తెలుసు, ఒకరోజు తనే అడిగింది మీరు పొద్దున పాడే ఆ పాట ఏంటి బాబూ అని, చెప్పాం, వింది, అంతే. మాకు దానికి లెక్క కట్టాలని లేదు.

పార్ట్‌నర్ గురించిన క్లాసులు రెండున్నాయి, ఇవి నాలుగు చేస్తే బాగుండు. బయటివాళ్ళతో గొడవలు తక్కువ, రూములోనే ఎక్కువ, గ్యాస్ అయిపోతే ఎవరు బుక్ చెయ్యాలి, రాత్రి పదకొండు దాకా ఫోన్ మాట్లాడటం, ప్రార్థన గట్టిగా చెయ్యడం, నేనే ఎక్కువ కష్టపడుతున్నా అనుకోవడం. శనివారం రాత్రి ఇద్దరూ కూర్చుని ఒకళ్ళనొకళ్ళు మూడు ప్రశ్నలు అడగాలంటారు. ఈ వారం నా వల్ల నీకు ఏది కష్టమైంది, ఏది బాగా అనిపించింది, వచ్చే వారం నీకు నా నుంచి ఏం కావాలి. రెండోవాళ్ళు చెప్పేటప్పుడు అడ్డం పడకూడదు. పౌలు, బర్నబా మార్కు విషయంలో అంత గొడవపడి విడిపోయారని అపొస్తలుల కార్యాల్లో ఉంది, అదే పౌలు చివర్లో తిమోతికి రాస్తూ మార్కుని వెంటబెట్టుకురా, అతను నాకు పనికొస్తాడు అంటాడు, మధ్యలో ఏం జరిగిందో బైబిల్లో లేదు కానీ ఏదో జరిగింది కదా అన్నారు అయ్యగారు. మా ఇద్దరికీ ఆ శనివారం అలవాటు ఇప్పటికీ ఉంది.

పంపిన సంఘానికి రిపోర్టులు రాయడం గురించి కూడా మొహమాటం లేకుండా చెప్తారు. ఊళ్ళో సంఘం వాళ్ళు నెల నెలా డబ్బులు పంపుతారు, ఫొటోలు అడుగుతారు, ఎంతమంది వచ్చారు అంటారు, వాళ్ళ ప్రేమే అది. కానీ ఆ ఒత్తిడికి మనం అన్నం తింటున్న పిల్లాడి మొహం ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తాం. మీ ఇంట్లో కష్టం వచ్చిన రోజు ఎవరన్నా ఫొటో తీసి వాళ్ళ ఊరికి పంపితే ఊరుకుంటారా అని అమ్మగారు అడిగారు. మనుషుల ఫొటో అడక్కుండా తీయకండి, ఒప్పుకున్నా మొహాలు పెట్టకండి, సంఖ్యల బదులు ఒక మనిషి గురించి పేరు లేకుండా ఒక పేజీ రాసి పంపండి అన్నారు. అలాగే పంపుతున్నా, మా ఊరి సంఘం వాళ్ళు ఇప్పుడు ఆ పేజీని ఆదివారం కూటంలో చదివి ప్రార్థన చేస్తున్నారట, మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది.

లోట్లు కూడా ఉన్నాయి. తమిళం నేర్పరు, మీరే నేర్చుకోండి అని వదిలేస్తారు, చెన్నైలో పెట్టిన కోర్సులో అది పెద్ద లోటు, రోజుకి అరగంట చెప్పినా సరిపోయేది. చెల్లెళ్ళ కోసం ప్రత్యేకంగా ఉన్నది ఒక్క పూట క్లాసు. ఆ పూట 1883లో గుంటూరు వచ్చిన డాక్టరమ్మ అన్నా కూగ్లర్ గురించి చెప్పారు, మిషన్ వాళ్ళు ఆవిడని మొదట డాక్టరుగా పంపనే లేదు, ఇళ్ళల్లో ఆడవాళ్ళకి చదువు చెప్పే పని మీద పంపారు, ఆవిడ ఇళ్ళల్లోకి వెళ్ళి, వాళ్ళ మధ్యే ఉండి వైద్యం చేస్తూ చేస్తూ వస్తే ఆసుపత్రి తెరిచేసరికి 1898. గొప్పగా చెప్పారు, కానీ ఇప్పటి అమ్మాయిలు రాత్రిపూట తిరిగి రావడం, ఒంటరిగా ఉన్న మగవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాల్సి వస్తే ఏం చెయ్యాలి, సంఘంలోనే ఎవరన్నా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలి, ఇవి పైపైన తడిమి వదిలేశారు. మా బ్యాచ్ చెల్లెళ్ళు ఫీడ్‌బ్యాక్‌లో ఇదే రాశారు. స్థానిక పాస్టర్లతో ఎలా మెలగాలి అన్న క్లాసు కూడా పలచగా ఉంది, వాళ్ళ సంఘస్తుల్ని మన కూటానికి లాక్కోవద్దు అన్నంత వరకు చెప్పారు, అంతకంటే లోపలికి వెళ్ళలేదు. కోర్సు పుస్తకం అచ్చు మరీ చిన్నది, పాత గ్రాంథికం, చిన్నవాళ్ళు చదవలేరు.

హాజరు కచ్చితం, మూడు శనివారాలు మానేస్తే ఫీల్డ్‌కి పంపరు, కాబట్టి శనివారం ఉద్యోగం ఉన్నవాళ్ళు ముందే చూసుకోండి. కొత్త బ్యాచ్ సంక్రాంతి దాటాక ఉంటది, చేరేటప్పుడు మీ పాస్టర్ గారి దగ్గర ఒక ఉత్తరం తీసుకెళ్ళాలి. జంటగా సేవ చేసేవాళ్ళయితే ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో చేరండి, ఒక్కళ్ళే చేస్తే ఆ శనివారం రాత్రి ప్రశ్నలు రెండోవాళ్ళకి పరీక్ష పెట్టినట్టు ఉంటాయి. తమిళం కోసం మా వీధిలో ఒక టీచర్ గారు ఆదివారం సాయంత్రం ఉచితంగా చెప్తానన్నారు, నలుగురైదుగురు ఉంటే మొదలుపెడదాం అంటున్నారు, రావాలనుకున్నవాళ్ళు కింద రాయండి.